కార్డు వెనక బంగారు కాగితం

శుభవార్త వచ్చినప్పుడు నా నోట్లో పెన్ను మూత ఉంది. ఆనందం పట్టలేక దాన్ని పటుక్కున కొరికేశాను.

“ఏం తింటున్నావే పెళ్ళికూతురా?” అంది ప్రెషరక్క పక్క గదిలోంచి. కంట్లో ఒత్తిడి కొలవడం ఆమె పని కాబట్టి మా కంటి ఆసుపత్రి మొత్తానికీ ఆమె ప్రెషరక్క. నాకు పెళ్ళై ఆరు నెలలైనా ఇంకా పెళ్ళికూతురనే పిలుస్తుంది. నాకూ ఆ పిలుపు మీద మోజు తీరలేదు.

“తొంభై రెండక్కా! నూటికి తొంభై రెండు!”

ఆపరేషన్ల బృందం పంపిన ఉత్తరం కంప్యూటర్లో తెరిచి ఉంది. ఏడు నెలల క్రితం వాళ్ళు బయటినుంచి వచ్చి, పది రోజులుండి, నలభై ఒక్కమంది పిల్లలకు నీటికాసుల ఆపరేషన్లు చేసి వెళ్ళారు. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, కంటి వెనక నరం చచ్చిపోతుంది. అదే నీటికాసుల జబ్బు. చచ్చిన నరం మళ్ళీ బతకదు. బృందం ఆ నీటికి కొత్త దారి చేసి వెళ్ళింది. నెల తర్వాత పరీక్షకు వచ్చిన ముప్పై తొమ్మిది మందిలో ముప్పై ఆరుగురికి ఒత్తిడి అదుపులో ఉంది. ఆ అంకెలు ఎక్కించింది నేనే. ఇప్పుడు వాళ్ళు వాటిని అందంగా శాతాల్లో చెప్పి, అభినందనలు చెప్పి, వచ్చే నెల మళ్ళీ వస్తామన్నారు.

“మరి ఆర్నెల్ల పరీక్షకి ఎనిమిది మందే వచ్చారుగా. అదేం రాశారు?” అంది అక్క.

“అది కింద చిన్నక్షరాల్లో ఉంది.”

“రానివాళ్ళ సంగతి ఏం చెప్తాం. కన్ను బాగైతే డాక్టరెందుకు గుర్తొస్తాడు? దూరం, బద్ధకం. సరే, పరిగెత్తు మరి. మీ ఆయనకి చెప్పకపోతే నీకు అన్నం అరగదు.”

నిజమే, అరగదు. ఉత్తరాన్ని ప్రింటు తీసుకుని వీధి దాటాను.

మా ఆయన దుకాణం ఆసుపత్రి గేటుకు ఎదురుగానే. జిరాక్సు, ఫొటోలు, లామినేషన్. వీధిలో అందరికీ ఆయన కవరుబాబు. కాగితం కనబడితే చాలు, ప్లాస్టిక్ తొడిగేస్తాడు. మేం చూసిన మొదటి సినిమా టికెట్లు, పెళ్ళైన కొత్తలో నేను రాసిచ్చిన కూరగాయల చీటీ కూడా లామినేషన్ చేసి దాచుకున్నాడు. ఆ చీటీలో ‘అల్లం’ కింద ‘తొందరగా రా’ అని రాశాలెండి.

“బావా, ఇది పేద్ద సైజులో చెయ్యాలి. ఆసుపత్రి గోడకి పెడతాం.”

ఆయన చదివి, నా వైపు చూసి, కౌంటరు వెనకే చిన్న గంతు వేశాడు. ఆరడుగుల మనిషి అలా గంతు వేస్తే నాకు ఎంత ముద్దొస్తుందో చెప్పలేను.

“మన పిల్లలు గట్టివాళ్ళే!” అన్నాడు.

మన పిల్లలు అనడానికి మాకు కొంచెం హక్కుంది. ఆ నెల పరీక్ష మా పెళ్ళి వారంలోనే పడింది. ఒత్తిడి బాగున్న పిల్లల కార్డు మీద అక్క ఆకుపచ్చ ముద్ర కొట్టి ఇచ్చింది. ఒక తల్లి ఆ కార్డును చీర కొంగులో చుట్టుకుని పోతుంటే నాకు మనసాగలేదు. నలిగిపోతుందమ్మా, మా ఆయన ఉచితంగా లామినేషన్ చేసిస్తాడు అన్నాను. కార్డు మరీ పల్చగా ఉంది. మా శుభలేఖలకు తెప్పించిన బంగారు రంగు మందం కాగితం ఒక కట్ట మిగిలితే, వెనక అది అతికించి, పైన కన్నం పెట్టి, మేకుకు తగిలించుకునేలా చేశాం. చూడ్డానికి పతకంలా వచ్చింది. దాన్ని చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి ఇంకొకరు. అలా ముప్పై మూడు కార్డులు. మా పెళ్ళికి వచ్చిన దీవెనలన్నిటిలోకీ నాకు అవే ఇష్టం.

ఉత్తరం యంత్రంలో సగం దాకా వెళ్ళి ఇరుక్కుంది. మా ఆయన తిట్టుకుంటూ మూత విప్పి, వేడి రోలర్ల మధ్య నుంచి మెల్లగా లాగుతున్నాడు. యంత్రంలోంచి వచ్చిన కాగితాన్ని వేడివేడిగా చెంపకు ఆనించుకోవడం నా సరదా. చెంప సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను.

కౌంటరు అద్దం పేలిపోయింది.

మొదట యంత్రమే పేలిందనుకున్నాను. మళ్ళీ దెబ్బ పడింది. ఈసారి రాడ్డు కనిపించింది. టైర్లు విప్పే ఇనుప రాడ్డు, దాని వెనక పెద్ద చెయ్యి, చేతి వెనక బస్టాండు దగ్గర టైర్ల షాపాయన. మూడో దెబ్బకు జిరాక్సు మిషను మీది గాజు పగిలింది. నాలుగోది మా ఆయన భుజం మీద పడింది. ఎముక మీద ఇనుము పడితే ఎలాంటి చప్పుడొస్తుందో నాకు అంతకు ముందు తెలియదు.

“ఏంటన్నా! ఏమైందన్నా!” అంటున్నాడు మా ఆయన. కొట్టేవాణ్ణి కూడా అన్నా అనే రకం.

“అచ్చేసిచ్చావు కదరా! బాగుందని అచ్చేసి, బంగారం పూసి ఇచ్చావు కదరా దొంగనాయాలా!”

రాడ్డు కింద పడేసి, మా ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. లారీ చక్రాలు ఎత్తే చేతులవి. మూత తీసి ఉన్న యంత్రం మీదికి ఆ అరచేతిని లాగి, రోలరు మీద అదిమాడు. మా ఆయన అరిచిన అరుపు మనిషిది కాదు. చర్మం కాలిన వాసన, ప్లాస్టిక్ కాలిన వాసన ఒకేసారి వచ్చాయి.

నేనేం చేశానో తర్వాత వీధివాళ్ళు చెబితే తెలిసింది. ఇనుప స్టూలు రెండు చేతులతో ఎత్తి అతని చెవి మీద కొట్టానట. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నెత్తురు మెడ మీంచి చొక్కాలోకి దిగింది. నాలుగోసారి కూడా ఎత్తాను. అబద్ధమెందుకు, చంపేద్దామనే ఎత్తాను.

అప్పుడు గుమ్మంలోంచి, “నాన్నా?” అని వినిపించింది.

ఏడేళ్ళ పిల్ల. చెప్పులు లేవు. ఆసుపత్రికని వెంట తెచ్చి గుమ్మం బయట నిలబెట్టాడట. మొహం మా వైపే పెట్టి, నవ్వబోయి ఆగినట్టు నిలబడి ఉంది. ఒక అడుగు ముందుకేసింది. కింద నేలంతా అద్దం పెంకులు. ఆ పిల్ల కిందికి చూడలేదు. రెండో అడుగు తిన్నగా పెంకుల మీద వేసింది. “అబ్బా” అంది గానీ, ఏం గుచ్చుకుందో అప్పటికీ చూడలేదు. చేతులు చాపి గాలిలో వెతుక్కుంటోంది.

“కదలకే పిచ్చుకా! అక్కడే ఉండు!” అని అరిచాడు టైర్లాయన.

స్టూలు నా చేతిలోంచి జారిపోయింది. ఆ పిల్లను నేనెరుగుదును. కార్డుకు కన్నం పెడుతుంటే, “మీ బంగారం నిజంది కాదుగా?” అని నన్ను నిలదీసిన పిల్ల. ఆ రోజు రెండు కళ్ళలోనూ ఒత్తిడి పద్నాలుగు. అంకె కూడా నాకు గుర్తే.

పెంకుల మీంచి నేనే నడిచి వెళ్ళి పిల్లను ఎత్తుకున్నాను. నా వెనక వీధి మొత్తం దుకాణంలోకి దూరింది. మందుల షాపతను, చెప్పులు కుట్టే తాత, ఆటోవాళ్ళు. టైర్లాయన్ని జుట్టు పట్టి రోడ్డు మీదికి ఈడ్చుకుపోయారు. కవరుబాబంటే వీధికి ప్రాణం. కాళ్ళతో తన్నారు, బెల్టుతో కొట్టారు. అతను అడ్డం పెట్టుకోలేదు. చేతులు పక్కకు పడేసి, “కొట్టండి, ఇంకా కొట్టండి” అంటున్నాడు.

మా ఆయన కాలిన చేతిని ఛాతీకి ఆనించుకుని, వాళ్ళ మధ్యకు పోయి, “ఆపండ్రా, పిల్ల చూస్తోంది!” అన్నాడు.

“చూట్టం లేదు,” అంది నా చంకలోని పిల్ల, చాలా మామూలుగా. “ఎవర్ని కొడుతున్నారత్తా?”

ఆ మాటకు బెల్టు ఆగింది.

*

పిల్లను నేరుగా ప్రెషరక్క బల్ల ముందు కూర్చోబెట్టాను. నర్సమ్మ పాదంలో పెంకు తీసి కట్టు కట్టింది. అక్క చిన్న పరికరాన్ని కంటి దగ్గర పెట్టింది. అది టిక్కుటిక్కుమని ఆరుసార్లు కంటిని తాకి అంకె చెప్పింది. అక్క ఆ అంకెను నమ్మక మళ్ళీ కొలిచింది.

“కుడికన్ను నలభై నాలుగు. ఎడమది ముప్పై రెండు.” అంది అక్క. ఇరవై ఒకటి దాటితేనే అక్క నుదురు ముడుచుకుంటుంది.

పెద్ద డాక్టరమ్మ వచ్చి, లైటు పెట్టి, రెండు కళ్ళ లోపలా చాలాసేపు చూసింది. బృందం వచ్చిన పది రోజులూ వాళ్ళ పక్కనే నిలబడి ఆపరేషన్ నేర్చుకున్న మనిషి. వాళ్ళు వెళ్ళాక సొంతంగా రెండు చేసింది.

“కుడివైపు నరం పోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. ఇక రాదు. ఎడమవైపు పక్క చూపు పోయింది, ఎదురుగా కొంచెం మిగిలింది. దాన్ని కాపాడొచ్చు. కానీ రోజులు లేవు,” అంది.

టైర్లాయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. డాక్టరమ్మ మాట పూర్తికాగానే వెనక్కి తిరిగి, తన నుదురును గోడకేసి కొట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. గోడ మీద సున్నం రాలింది, నెత్తురు అంటింది. నలుగురం పట్టుకుంటే గానీ ఆగలేదు.

“నేను కొట్టానమ్మా దాన్ని,” అన్నాడు. “రెండు నెల్లుగా గ్లాసులు పడేస్తోంది. తలుపులకి గుద్దుకుంటోంది. కనబట్టం లేదు నాన్నా అంటే, బడి ఎగ్గొట్టే నాటకమనుకున్నా. గోడ మీద కార్డు ఉందిగా! బాగుందని ముద్ర ఉందిగా! ఆ కార్డు చూపించి మరీ కొట్టా. అబద్ధాలాడతావా అని కొట్టా. ఇవాళ పొద్దున పాలు ఒలకబోసింది. కుడిపక్క నుంచి చెయ్యెత్తా. రెప్ప వెయ్యలేదమ్మా. దెబ్బొస్తుంటే ఎవరైనా రెప్పేస్తారుగా. అది వెయ్యలేదు.”

పిల్ల కుర్చీలో కూర్చుని కట్టు కట్టిన కాలు ఊపుకుంటోంది. దవడ మీద పాత కమిలిన మచ్చ, దాని పక్కన కొత్తది.

“మూడు నెలలకి మళ్ళీ రావాలని చెప్పాం కదయ్యా,” అంది అక్క, ఏడుపు కోపంలోకి తిప్పుకుని. “మందు చుక్కలు ఆపొద్దని చెప్పాం. తేదీలన్నీ కార్డు వెనకే ఉన్నాయి!”

“ఏ వెనక?” అన్నాడతను. చొక్కా లోపల్నుంచి కార్డు తీసి బల్ల మీద విసిరాడు. “ఇదేనా వెనక?”

బంగారు కాగితం లైటు కింద తళతళలాడింది. మూల మీద మా దుకాణం పేరున్న చిన్న స్టిక్కరు. అది అతికించింది నేనే, గుండె ఆకారంలో కత్తిరించి.

నాకు లెక్కలొచ్చు. డిగ్రీలో అవే చదివాను. నలభై ఒకటిలోంచి ముప్పై మూడు తీసేస్తే ఎనిమిది. ఆర్నెల్ల పరీక్షకు వచ్చింది ఎనిమిది మంది. రికార్డుల గదిలోకి పరిగెత్తి ఆ పేర్లు తీశాను. ముద్ర పడని ముగ్గురు. నెల పరీక్షకే రాని ఇద్దరు. ఆ రోజు బస్సు వెళ్ళిపోతుందని మా దుకాణం దాకా రాకుండా పోయిన ముగ్గురు. మా బంగారం అంటిన పిల్లల్లో ఒక్కరూ తిరిగి రాలేదు.

నేను వెనక్కి వచ్చేసరికి గుమ్మం దాకా జనం ఉన్నారు. మందుల షాపతను ఇంకా రొప్పుతూ, “ఈణ్ణి పోలీసులకి అప్పగిద్దామా చెల్లెమ్మా?” అన్నాడు.

అక్క బల్ల మీద గాజుగుడ్డ కోసే బ్లేడుంది. తీసుకుని కార్డు అంచు వెంట కోశాను. ప్లాస్టిక్ విడిపోయింది. బంగారు కాగితాన్ని గోటితో పట్టి లాగితే జిగురుతో సహా ఊడి వచ్చింది. కింద ఆరు గళ్ళు. మూడు నెలలు, ఆరు నెలలు, తొమ్మిది, ఏడాది... ప్రతి గడిలో అక్క గుండ్రటి అక్షరాలతో తేదీ. దాని కింద: ‘చుక్కలు ఆపవద్దు. కన్ను బాగున్నా రావాలి.’

“దీన్ని కప్పింది నేను,” అన్నాను. “ఆయన కూడా కాదు. ఆలోచన నాది. పెళ్ళి సంబరంలో చేశా. ముప్పై మూడు మందికి చేశా.”

టైర్లాయన గోడ వదిలి నా ముందుకొచ్చాడు. చెయ్యెత్తాడు. నేను కళ్ళు మూసుకోలేదు. రెప్ప మాత్రం పడింది. అది చూశాడతను. చెయ్యి అలాగే గాలిలో ఆగి, పక్కన మందుల బీరువా మీద పడింది. రేకు సొట్టపోయింది, లోపల సీసాలు ఒకదాని మీద ఒకటి కూలాయి.

“మీ ఇద్దరికీ సామాన్ల మీద ఏం కోపం?” అంది ప్రెషరక్క, కళ్ళు తుడుచుకుంటూ. “ఒకళ్ళు స్టూళ్ళు, ఒకళ్ళు బీరువాలు.”

“పోలీసులొద్దన్నా,” అన్నాడు మా ఆయన మందుల షాపతనితో. చేతికి తడిగుడ్డ చుట్టుకుని, మొహం పాలిపోయి ఉన్నాడు. “రేపు కావాలంటే నేనే వెళ్తా. ముందు పిల్ల సంగతి చూడండి.”

*

ఆ తర్వాతంతా ఎడమకన్ను కోసం జరిగింది. చుక్కలు, మాత్ర, సూదిమందు. గంటకోసారి టిక్కుటిక్కు. ముప్పై రెండు, ముప్పై, ఇరవై ఎనిమిది. ఒకసారి ముప్పై ఒకటికి ఎగిరింది. టైర్లాయన బయటికి పోయి, ఆసుపత్రి సైకిల్ స్టాండు కమ్మీని రెండు చేతులా పట్టుకుని వంచడానికి చూశాడు. కొంచెం వంగింది కూడా. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఒక కన్ను నేను తీసేసినట్టే. రెండోది కూడా పోతే మా ఆయన మొహం వైపు ఎలా చూస్తానో నాకు తెలియలేదు.

మధ్యలో ఆపరేషన్ల బృందానికి ఉత్తరం రాశాను. నూటికి తొంభై రెండు అని ఎక్కడా ప్రకటించవద్దు, మనకు తెలిసింది ఎనిమిది మంది సంగతే, మిగతా ముప్పై మూడు మందిలో ఒక పిల్లకు ఇవాళ ఒక కన్ను పోయిందని తేలింది, ముప్పై రెండు మంది బాగున్నారో లేదో తెలియదు, తెలియకుండా చేసింది నేను అని. తెలిసినవాళ్ళలో ఏడుగురు బాగున్నారు. మూడు నెలలకు వచ్చినప్పుడు ఇద్దరికి ఒత్తిడి పెరుగుతుంటే చుక్కలు మార్చాం, అందుకే బాగున్నారు. అది కూడా రాశాను. పంపే బొత్తాం నొక్కేశాను.

అయిదు గంటలకు ఇరవై మూడు.

“చాలు. రేపు పొద్దున ఏడింటికి ఎడమకన్ను చేస్తా,” అంది డాక్టరమ్మ. “బృందం కోసం నెల ఆగితే ఆ కన్నుండదు.”

పిల్ల తల్లి అప్పటికి వచ్చింది. మొగుడి మొహం చూసింది. పిల్ల దవడ మీద మచ్చను తడిమి, లేచి అతని చెంప మీద ఒక్కటి కొట్టి, మళ్ళీ వచ్చి పిల్ల పక్కన కూర్చుంది. అతను ఆ చెంపను తుడుచుకోనైనా లేదు.

మేం ముగ్గురం బయట మెట్ల మీద కూర్చున్నాం. నేను, మా ఆయన, మధ్యలో మా ఆయన చెయ్యి కాల్చిన మనిషి. మా ఆయన చేతికి మందు రాసి లావుగా కట్టు కట్టారు. వీధి అవతల మా దుకాణం నోరు తెరుచుకుని ఉంది. కవరుబాబు దానివైపు చూడటం లేదు. నా ఒళ్ళో ముప్పై మూడు చిరునామాల కాగితం ఉంది. అందులో ఒక పేరు ముందే కొట్టేశాను.

“ముప్పై రెండు ఇళ్ళు,” అన్నాను. “ఫోన్లు సగం పనిచెయ్యట్లేదు. పనిచేసినవాళ్ళు, మా పిల్లకి బాగుందమ్మా, కార్డుందిగా అంటున్నారు.”

“కార్డు కోసి చూపిస్తే గానీ నమ్మరు,” అన్నాడు టైర్లాయన. మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడాడు. “నేను నమ్మలేదు. కన్నకూతురు చెప్తేనే నమ్మలేదు.”

తర్వాత మా ఆయన వైపు తిరక్కుండానే అడిగాడు. “చెయ్యి మంటగా ఉందా?”

“ఉందన్నా.”

“భుజం?”

“అది చేతి మంటలో తెలీట్లేదు.”

అతను తల ఊపాడు. క్షమించమని అడగలేదు. మేమూ అడగలేదు.

“రేపు పిల్లని లోపలికి తీసుకెళ్తే నేనిక్కడ కూర్చోలేను,” అన్నాడు చివరికి. “కూర్చుంటే ఏదో ఒకటి పగలగొడతా. వాళ్ళమ్మ ఉంటుంది. నాకు టైర్లు తోలే వ్యానుంది. ఎనిమిది మంది పిల్లలు పడతారు. అక్క కొలిచే మిషను వస్తుందా?”

“అక్కే వస్తానంది. సెలవు కూడా పెట్టింది,” అన్నాను.

మా ఆయన ఎడమచేత్తో కాగితం తీసుకుని, ఊళ్ళ వరస చూసి, పెన్ను కోసం నా వైపు చెయ్యి చాపాడు. మూత లేని పెన్ను ఇచ్చాను. ఎడమచేతి రాతతో, ఒకటో తరగతి పిల్లాడిలా, పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని వంకరటింకరగా వేసుకుంటూ పోయాడు.

“పిచ్చుకని ఏడింటికి లోపలికి పంపుదాం. ఏడుంబావుకి వ్యాను కదలాలి,” అన్నాడు. “మొదట చెరువవతలి ఊరు, అక్కడ నలుగురున్నారు. కార్డులు కొయ్యడానికి బ్లేళ్ళు నేను తెస్తా.”